మూడో ఫ్యాను చప్పుడు

ఆ మంగళవారం పొద్దున అబ్దుల్ జబ్బార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి ఇడ్లీ తినాలి. ఏడున్నరకి పవర్‌పేటలో మేనల్లుడు రిజ్వాన్ పనిచేసే చోట పది నిమిషాలు కూర్చోవాలి. ఎనిమిదింటికి ఏలూరు బస్టాండులో కైకలూరు వైపు బస్సెక్కి, పదయ్యేలోపు మండవల్లిలో జగ్గారావు గారి చేపల చెరువు గట్టు మీద ఉండాలి. చెరువులకు నీళ్లు తోడే డీజిల్ ఇంజన్లు జగ్గారావు గారికి ఆరున్నాయి. వాటి బాగోగులు ఏడాది పొడుగునా జబ్బారే చూస్తాడు. ఆయన ఇల్లు గడిచేది ఆ ఆరింటి మీదే.

కొల్లేరు చుట్టుపక్కల జబ్బార్‌కు పేరు తెచ్చిపెట్టినవి చేతులు కావు, చెవులు. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని, "రెండో వాల్వండీ" అనేవాడు. విప్పి చూస్తే రెండో వాల్వే అయ్యేది. ఇంజను విప్పకుండానే రోగం చెప్పే మనిషని మండవల్లిలో చెప్పుకుంటారు.

వృత్తిలో ఆయనకొక నియమం ఉంది. పని నేర్పిన గురువు బాలస్వామి మొదటి రోజే చెప్పాడు, పిలవని ఇంజనుకు వంక పెట్టకూడదని. పెడితే పని కోసం కాచుక్కూర్చున్నాడని అనుకుంటారు. ముప్పై ఏళ్లుగా జబ్బార్ ఆ మాట జవదాటలేదు. పెళ్లి భోజనాల్లో జనరేటరు దగ్గుతుంటే ఆయన విస్తరి వైపు చూసి అన్నం కలుపుకుంటాడు. ఎక్కిన బస్సు ఇంజను మూలుగుతుంటే కిటికీలోంచి పొలాలు చూస్తాడు.

ఇంజనంటే ఆయనకు భయం లేదు. అచ్చు కాగితమంటే మాత్రం భయం. నోటితో అన్న మాటను కాదనవచ్చు. అచ్చయిన మాటను కాదనడం ఎలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు. కరెంటు బిల్లు వచ్చినా ముందు మంచం మీద కూర్చుని, తర్వాతే విప్పుతాడు.

రిజ్వాన్ పనిచేసేది వినికిడి పరీక్షలు చేసే ఒక కేంద్రంలో. తెరిచి రెండు నెలలైంది. యజమాని నిత్యానందం అంతకుముందు ఊరూరా తిరిగి మందులు అమ్మేవాడు. మంచి మనిషి. గొంతు పెద్దది. చెవిటివాళ్లతో మాట్లాడీ మాట్లాడీ అలా అయిందని అందరూ అనుకునేవారు. పరీక్ష చేసేది కంప్యూటరు. మూతపడిన ఒక ఇంటర్నెట్ సెంటర్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఆ వారం ఉచిత శిబిరం పెడితే అనుకున్నంత మంది రాలేదు. అందుకని రిజ్వాన్ మేనమామను బతిమాలాడు.

"ఊరికే పేరు రాయించుకుని వెళ్లిపోదురుగాని మామూ. సార్ దగ్గర నాకు కాస్త మాట దక్కుతుంది."

జబ్బార్ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. పక్కనే బల్ల, బల్ల మీద కంప్యూటరు. రిజ్వాన్ దాన్ని ఆన్ చేయగానే లోపలి ఫ్యాను పిండి మర తిరిగినట్టు మొదలుపెట్టింది. బుష్ అరిగిపోయింది, రెక్క ఒకటి అంచుకు తగులుతోంది అనుకున్నాడు జబ్బార్. పైకి మాత్రం ఏమీ అనలేదు. ఆయన్ని పిలిచింది చెవుల పరీక్షకు, ఫ్యాను చూడటానికి కాదు.

రిజ్వాన్ ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో ఒక బటన్ పెట్టాడు. "సన్నగా కుయ్‌మని వినిపిస్తుంది మామూ. వినిపించినప్పుడల్లా నొక్కండి."

జబ్బార్‌కు కుయ్ అనేది అయిదారుసార్లు వినబడింది. మిగతా సేపంతా ఫ్యానే వినబడింది. ఆ రెక్క ఎన్ని చుట్లకోసారి తగులుతోందో లెక్క పెట్టుకుంటూ కూర్చున్నాడు. అది ఆయన తప్పు కాదు. ముప్పై ఏళ్లుగా జబ్బు చేసిన యంత్రం ముందు ఆ చెవులు చేసింది అదే.

ప్రింటరు కిర్రుమంటూ కాగితం వదిలింది. దాని మీద గీత ఎడమవైపు మొదలై కుడివైపుకు వచ్చేసరికి అట్టడుగుకు దిగిపోయింది. కింద అచ్చులో ఉంది, రెండు చెవుల్లోనూ మధ్యస్థ స్థాయి వినికిడి లోపం అని.

"భయపడాల్సిందేం లేదండీ. ఈ వయసులో మామూలే. మిషను పెట్టుకుంటే సరిపోతుంది," అన్నాడు నిత్యానందం, వీధిలోకి వినబడేలా.

రిజ్వాన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. జబ్బార్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని బయటకు వచ్చాడు. రోడ్డు మీద ఆటోల హారన్లు వినబడ్డాయి. గట్టి చప్పుళ్లు చెవిటివాళ్లకు కూడా వినబడతాయి కదా అనుకున్నాడు. ఇంజను పక్కన నిలబడి ఏమీ చెప్పలేని జబ్బార్ ఎవరికి కావాలి? ఎనిమిది గంటల బస్సు ఆయన ముందు నుంచే వెళ్లిపోయింది. ఎక్కడానికి ధైర్యం చాలక ఇంటి దారి పట్టాడు.

ఆయన నడిచి వెళ్లాడు. కబురు ఫోనులో వెళ్లింది. రిజ్వాన్ ఏడుపు గొంతుతో వాళ్లమ్మ తస్లీమ్‌కు చెప్పాడు. తస్లీమ్ తన వదినకు, జబ్బార్ భార్య ఖాతూన్‌కు చెప్పింది. ఊరికే చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఎక్కడో టీవీలో విన్న వైద్యం కూడా జోడించింది.

"గట్టిగా అరిస్తే ఉన్న నరం కూడా చచ్చిపోతుందంట భాబీ. పెదాలు చూసి అర్థం చేసుకోవడం ఇప్పట్నుంచే అలవాటు చేయాలంట. నువ్వు గొంతు బయటికి రాకుండా మాట్లాడు."

ఖాతూన్ భర్త కోసం ఏదైనా చేసే మనిషి. ఆ సందులో చివరి ఇంటిదాకా వినబడే తన గొంతును ఆ క్షణమే కట్టిపెట్టింది.

జబ్బార్ గుమ్మంలోకి రాగానే ఆమె ఎదురు వచ్చి, పెదాలు బాగా కదిలిస్తూ, "టీ తాగుతారా" అంది. చప్పుడు మాత్రం రాలేదు.

జబ్బార్ గుమ్మం పట్టుకున్నాడు. "ఏమన్నావు?"

ఖాతూన్ మళ్లీ అంది. ఈసారి పెదాలు ఇంకా పెద్దగా కదిలాయి. చప్పుడు అప్పుడూ లేదు. జబ్బార్ వెళ్లి మంచం మీద కూలబడ్డాడు. ఏడున్నరకు మధ్యస్థం, ఎనిమిదిన్నరకల్లా పూర్తి. ఇంత తొందరగా పోయే జబ్బా ఇది?

అంతలో వంటింట్లో కుక్కర్ కూత వేసింది. అది శుభ్రంగా వినబడింది. దాంతో ఆయన భయం తగ్గలేదు, పెరిగింది. అంటే లోకంలో ఉన్న చప్పుళ్లన్నీ ఉన్నాయి, పోయింది ఒక్క ఖాతూన్ గొంతే అన్నమాట. పాతికేళ్లు విన్నది ముందు పోతుందేమో. ఆ ఆలోచనకు ఆయన గుండె నిజంగానే నీరైపోయింది.

అయినా ఆవిడకు తెలియకూడదు. ఖాతూన్ టీ గ్లాసుతో వచ్చి పెదాలు కదిలించింది. పంచదార సరిపోయిందా అని అడిగింది ఆమె. మండవల్లి ఎందుకు వెళ్లలేదని అడుగుతోంది కాబోలు అనుకుని ఆయన "రేపు" అన్నాడు. తస్లీమ్ చెప్పింది అబద్ధమేమోనని ఖాతూన్‌కు అప్పటిదాకా ఏ మూలో ఆశ ఉండేది. ఆ ఒక్క మాటతో అది పోయింది. కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్లింది. వెళ్లేటప్పుడు మోగుతున్న సెల్‌ఫోన్‌ను కూడా పట్టుకెళ్లింది. ఆ ఫోను జగ్గారావు గారు చేసింది. జబ్బార్ దాని వంక చూశాడు గానీ ఎత్తే సాహసం చేయలేదు.

పెరట్లో, బావి అవతల, ఆమె అసలు గొంతుతో మాట్లాడింది. "రెండు చెవులూ పోయాయండీ. నేను పక్కనుండి పిలిచినా తెలియట్లేదండీ."

"అయ్యో, ఎంత మాట చెప్పారమ్మా," అన్నారు జగ్గారావు గారు. "మనిషిని కంగారు పెట్టకండి. విశ్రాంతి తీసుకోమనండి. గూడెం నుంచి వెంకట్రాజుని పిలిపిస్తాను లెండి, ఈ ఒక్కసారికి."

ఖాతూన్ లోపలికి వచ్చి ఆ సంగతి పెదాలతో చెప్పడానికి రెండుసార్లు ప్రయత్నించింది. 'వెంకట్రాజు' దగ్గర పెదాలు చాల్లేదు. చివరకు క్యాలెండరు కాగితం చింపి దాని మీద రాసి ఇచ్చింది. ఒక్క పూటలో రెండో కాగితం. జబ్బార్ మంచం మీదే కూర్చుని చదివాడు. 'ఈ ఒక్కసారికి' అన్న చోట ఆగిపోయాడు. అటువైపు ఎవరినైనా శాశ్వతంగా మానిపించేటప్పుడు వాడే మర్యాదైన మాట అది. ఆరు ఇంజన్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతున్నట్టు అనిపించింది ఆయనకు.

బుధవారం పొద్దున పరీక్ష కేంద్రంలో కంప్యూటరు వేడెక్కి ఆగిపోయింది. మూత తీసి చూస్తే ఫ్యాను తిరగడం లేదు. పరీక్ష సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ ఇంజినీరు ఫోనులో ఒకటే చెప్పాడు. కొత్త ఫ్యాను వేయండి, అయితే చప్పుడు లేనిది చూసి వేయండి అని. ఏలూరులో చప్పుడు లేని ఫ్యాను ఎంచుకోవడం తేలిక కాదు. ఆర్.ఆర్. పేట కంప్యూటరు షాపుల ముందు బస్సులు, ఆటోలు, లారీలు. అక్కడ ఏ ఫ్యాను తిప్పి చూసినా నిశ్శబ్దంగానే ఉంటుంది. నచ్చనివి తిరిగి ఇస్తానని చెప్పి రిజ్వాన్ మూడు షాపుల్లో మూడు ఫ్యాన్లు తెచ్చాడు. అరచేతంత ఫ్యాన్లు. మూడు డబ్బాల మీదా అతి తక్కువ చప్పుడు అనే రాసుంది.

నిత్యానందం ఒక్కొక్క దాన్నీ చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. "ఏదైతే ఏంటయ్యా. మూడూ నిశ్శబ్దమే."

రిజ్వాన్‌కు తేడా తెలుస్తున్నట్టే ఉంది. కానీ కొత్త ఉద్యోగం, సార్ మాటకు ఎదురు చెప్పడం ఎలా? అదీకాక నిన్నటి నుంచి మేనమామ మంచం దిగలేదని అమ్మ చెప్పింది. ఏదో ఒక యంత్రం చేతికిస్తే ఆయనకు ప్రాణం లేచొస్తుందని వాడి ఆశ.

"మా మామూని పిలుద్దామా సార్? మెకానిక్కు కదండీ," అన్నాడు, నిత్యానందంతో ఎప్పుడూ మాట్లాడినట్టే గొంతు పెంచి.

నిత్యానందం మొహం వెలిగింది. "భలే. చెవులు పోయినాయనక్కూడా వినబడిందంటే ఆ ఫ్యాను పనికిరాదన్నమాట. ఇంతకంటే మంచి కొలత ఎక్కడ దొరుకుతుంది? పిలిపించు."

జబ్బార్ వచ్చాడు. వచ్చిన పది నిమిషాలకే గుమ్మంలో ఖాతూన్, ఆమె వెనక జగ్గారావు గారు కనిపించారు. ఆయన ఏదో సామాను కోసం ఏలూరు వచ్చి, పలకరించి పోదామని ఇంటికి వెళితే ఆవిడే ఇక్కడికి తీసుకొచ్చింది. జబ్బార్ ఆయన్ని చూసి నమస్కారం పెట్టాడు. పని ఇచ్చే మనిషి ఎదుట చెవుల పరీక్ష, అదీ రెండోసారి.

రిజ్వాన్ మొదటి ఫ్యాను తిప్పాడు. జబ్బార్ జానెడు దూరంలో చెవి పెట్టాడు. "బేరింగు సన్నగా ఈల వేస్తోంది." రెండోది తిప్పాడు. "దీనికి రెక్కల బరువు సమంగా లేదు. ఆగి ఆగి కొడుతోంది." జగ్గారావు గారు ఖాతూన్ వైపు చూశారు.

మూడోది తిప్పాడు. జబ్బార్ చెవి పెట్టాడు. ఏమీ లేదు. ఇంకా దగ్గరగా పెట్టాడు. గాలి చెంపకు తగులుతోంది. రెక్కలు గిర్రున తిరుగుతున్నాయి. నిన్న ఖాతూన్ పెదాలు కదిలినట్టే కదులుతున్నాయి, చప్పుడు లేదు. ఇప్పుడు పోతోంది. ఇదిగో, అందరి ముందూ, ఇప్పుడే పోతోంది.

"వినబడుతోందాండీ?" అని అరిచాడు నిత్యానందం.

"వినబడుతోంది," అన్నాడు జబ్బార్.

"ఏం వినబడుతోంది మామూ?"

"గరగర."

"అయితే అదీ పనికిరాదు," అని నిత్యానందం మూడో ఫ్యానును డబ్బాలో పెట్టించేశాడు. మూడూ వినబడ్డాయి కనుక ఉన్నవాటిలో నయమైనది ఎంచాలి. ఆయన గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. "రెండోది ఆగి ఆగి కొడుతోందన్నారు కదా. ఆగినంత సేపైనా నిశ్శబ్దమే కదయ్యా. అదే బిగించు."

రిజ్వాన్ స్క్రూలు తీసుకున్నాడు. ఒక స్క్రూ బిగిసింది. జబ్బార్ దాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఉన్న మాట చెబితే ఆరు ఇంజన్లూ వెంకట్రాజువి అవుతాయి. చెప్పకపోతే బరువు తప్పిన ఫ్యాను ఒకటి తన మాట మీద ఈ పెట్టెలో తిరుగుతుంది. ముప్పై ఏళ్లలో ఆయన మనుషులతో అబద్ధాలాడి ఉండవచ్చు, యంత్రం గురించి మాత్రం ఎన్నడూ ఆడలేదు. రెండో స్క్రూ బిగిసింది.

"ఆపు రిజ్వాన్," అన్నాడు. "మూడోది నాకు వినబడలేదు. భయమేసి వినబడిందన్నాను. ఈ రెండోది వద్దు, నాలుగు నెలల్లో ఊడిపోద్ది. జగ్గారావు గారూ, మీరు వెంకట్రాజుతోనే చేయించుకోండి. నేనింక పనికి రానండి."

జగ్గారావు గారు రెండడుగులు ముందుకు వచ్చి, మూడో ఫ్యానును డబ్బాలోంచి తీయించి, తిప్పించి, తన చెవి దగ్గర పెట్టుకున్నారు.

"నాకూ వినబడట్లేదండీ," అన్నారు.

రిజ్వాన్ పెట్టుకున్నాడు. "నాకూ లేదు మామూ."

ఖాతూన్ ఫ్యానును లాక్కుని తనూ చెవికి ఆనించుకుంది. తస్లీమ్ చెప్పిన వైద్యం ఆ కంగారులో మర్చిపోయి, "నాకు కూడా వినబడలేదు. అసలు దీనికి చప్పుడుంటే కదా," అంది, సందు చివరిదాకా వినబడే తన గొంతుతో.

జబ్బార్ ఆమె వైపు తిరిగాడు. "ఖాతూన్, నువ్వేనా మాట్లాడింది?"

"మరెవరండీ?"

"నిన్నంతా నీ మాట నాకు వినబడలేదు."

"మాట్లాడితే కదా వినబడ్డానికి. గొంతు తీయకూడదంది తస్లీమ్. నిన్నటి నుంచి పెదాలు పీకేస్తున్నాయండీ."

జబ్బార్ కుర్చీలో కూర్చుండిపోయాడు. ఏడవాలో, చెల్లెలికి ఫోను చేయాలో ఆయనకు తెలియలేదు. ఖాతూన్ మాత్రం రెండురోజుల బాకీ తీరేదాకా తస్లీమ్ గురించి గొంతెత్తి మాట్లాడుతూనే ఉంది. ఆ గొంతు అంత హాయిగా ఉంటుందని ఆయన పాతికేళ్లలో ఎప్పుడూ అనుకోలేదు.

మూడో ఫ్యానును జబ్బారే బిగించాడు. ఆన్ చేస్తే పెట్టె మీద దీపం వెలిగింది గానీ కంప్యూటరు నడుస్తున్నట్టే లేదు. చేతులు తుడుచుకుంటూ పాత ఫ్యానును తీసి వేలితో తిప్పాడు. "దీని బుష్ పోయి చాలా కాలమైంది. నిన్న ఇక్కడ కూర్చున్నప్పుడు దీని గోలే గోల. హెడ్‌ఫోన్లలో నీ కుయ్ కంటే ఇదే ఎక్కువ వినబడింది."

రిజ్వాన్ చేతిలోని స్క్రూలు కిందపడ్డాయి. "మరి నిన్నే చెప్పలేదేం మామూ?"

"దాన్ని చూడమని నన్ను పిలవలేదు కదరా."

రిజ్వాన్ ఆయన్ని కుర్చీలో సరిగా కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, బటన్ చేతికిచ్చాడు. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. ఈసారి కుయ్ అనేది వచ్చిన ప్రతిసారీ జబ్బార్ వేలు కదిలింది. రిజ్వాన్ శబ్దం తగ్గించుకుంటూ పోయాడు, వేలు కదులుతూనే ఉంది. కంప్యూటరుకు ఇంక తగ్గించడం చేతకాలేదు. ప్రింటరు వదిలిన కాగితం మీద గీత పైఅంచునే తిన్నగా నడిచింది. జబ్బార్ ఆ కాగితాన్ని నిలబడే చదివాడు.

"మధ్యాహ్నం బస్సుకి వచ్చేస్తారాండీ?" అన్నారు జగ్గారావు గారు.

"మరి వెంకట్రాజు గారండీ?"

"పిలిపిస్తానన్నాను గానీ, ఇంకా పిలవలేదండీ."

జబ్బార్ వెళ్లాక రిజ్వాన్ శిబిరం పుస్తకం తీశాడు. జబ్బార్ కాక సోమవారం నుంచి పరీక్షకు వచ్చిన పంతొమ్మిది మందికీ లోపం ఉన్నట్టే రాసుంది. అందరికీ ఫోన్లు చేసి మళ్లీ పిలిచాడు. శనివారానికల్లా పంతొమ్మిది మందీ వచ్చి కూర్చున్నారు, పంతొమ్మిది మందికీ చెవులు నిక్షేపంగా ఉన్నాయని తేలింది. వాళ్లు తలా ఒక మాట అని వెళ్లారు. నిత్యానందం అన్నింటికీ నవ్వుతూ తలూపాడు.

అందరూ వెళ్లిపోయాక రిజ్వాన్ బుధవారం నుంచి మనసులో ఉన్న ప్రశ్న అడిగాడు. "సార్, రెండు నెలలు ఆ కంప్యూటరు పక్కనే కూర్చున్నారు కదండీ. మీకెప్పుడూ చప్పుడనిపించలేదాండీ?"

"ఏ చప్పుడు?" అన్నాడు నిత్యానందం.

రిజ్వాన్ వినయంగా కుర్చీ చూపించి, హెడ్‌ఫోన్లు తగిలించాడు. కొత్త ఫ్యాను చప్పుడు చేయకుండా తిరిగింది. కాగితం వచ్చింది. గీత ఎడమవైపు మొదలై, కుడివైపుకు వచ్చేసరికి అట్టడుగుకు దిగిపోయింది.

ఫలితం ఏమిటో రిజ్వాన్ ఆయనకు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది, రెండోసారి కాస్త గట్టిగా.